అవ్వకు బదులు నేను నడిచిన నడక

ఆ రోజుల్లో మా కుందుర్పి వైపు ఇంటర్ పాసైన ఆడపిల్ల ముందు రెండే దారులుండేవి: టీచరు ట్రైనింగ్, లేదంటే పెళ్ళి. మొదటిదానికి నాకు సీటు రాలేదు, రెండోదానికి నాకు తొందర లేదు. మళ్ళీ సీటు కోసం రాసేదాకా ఊరికే కూర్చోవడమెందుకని, ఇళ్ళకు పోయి రోగులను చూసుకునే పని నేర్పుతారంటే అనంతపురంలో ఒక కోర్సులో చేరినాను. మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడం, ఒళ్ళు తుడవడం, బీపీ చూడడం నేర్పించి, చివర్లో ఒక తెల్ల కోటు చేతిలో పెట్టినారు. అది వేసుకుంటే సగం డాక్టరునైపోయినట్టే అని నాకు గట్టి నమ్మకం. (మిగతా సగం స్టెతస్కోపు కొనుక్కుంటే వస్తుందనుకునేదాన్ని.) మా నాయనకు మాత్రం ఆ కోటు మీద ఏ భ్రమా లేదు. "ఎవురికో ముడ్డి కడిగేదానికా పాపా నిన్ను ఇంటర్ దాకా చదివిస్తి" అని ఒక్కసారి అన్నాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఊళ్ళో ఎవరైనా అడిగితే బిడ్డ టౌన్లో ఉండాదని చెప్పి, ఏం పనో చెప్పకుండా వానల మీదికి మాట మళ్ళించేవాడట. మా వైపు వానలకే కరువు, వానల గురించి మాటలకు కాదు.

నా మొదటి ఇల్లు తాడిపత్రిలో. బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్ నడిపే ఒకన్న, వాళ్ళమ్మను చూసుకోవడానికి మనిషి కావాలన్నాడు. యూనిట్‌కి ఆనుకునే ఇల్లు. పొద్దుగూకులూ మిషన్ల రొద. చెట్ల మీద, గేటు మీద, ఆరేసిన బట్టల మీద తెల్లటి బండపొడి. అవ్వ అంతకు ముందెప్పుడో బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి రాడ్డు వేసినారు, ఎముక అతుక్కుంది. ఇక నడిపించండి, నడవకపోతే కాళ్ళు బిగుసుకుపోయి మంచానికే అంటుకుపోతుంది అని డాక్టరు చెప్పి పంపినాడట. అవ్వ మాత్రం వరండాలో మంచమేయించుకుని, తమలపాకులు నములుతూ, రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ కూర్చుండిపోయింది. "మా అమ్మని నడిపిస్తే చాలు తల్లీ, నీకింకేం పని చెప్పం" అన్నాడు అన్న. ఇంత సులువైన పనికి అన్ని నెలలు ఎందుకు నేర్పించినారా అనుకున్నాను.

మొదటిరోజే వాకర్ తెచ్చి అవ్వ ముందు పెట్టినాను. అవ్వ దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"కూచునేదానికి పలక లేదు, ఇదేం కుర్చీ?"

"కుర్చీ కాదవ్వా, వాకర్. దీన్ని పట్టుకోని నడిస్తే పడవు."

"అట్లనా. అయితే నువ్వు నడిచి చూపియ్యి. చూసి నేర్చుకుంటా."

నడిచి చూపించినాను. వాకర్ ముందు, తర్వాత దెబ్బ తగిలిన కాలు, ఆ తర్వాత మంచి కాలు, అని గట్టిగా చెప్తూ వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయి వచ్చినాను. అవ్వ చాలా శ్రద్ధగా చూసింది. మరుసటి రోజు, "నిన్న చూపిచ్చింది మర్చిపోయినా, ఇంగోసారి నడువు" అంది. ఆ మరుసటి రోజు కూడా మర్చిపోయింది. వారం తిరిగేసరికి మర్చిపోవడం మానేసి తప్పులు పట్టడం మొదలుపెట్టింది. "మోకాలు వంచల్ల పాపా, కట్టె మాదిరి పోతాండావు" అనేది. నేను మోకాలు వంచేదాన్ని. (టీచరు సీటు రాని మనిషికి, ఇంత శ్రద్ధగా చూసే శిష్యురాలు దొరికితే అనుమానం ఎక్కడ వస్తుంది?) పొద్దున ఎండెక్కక ముందు ఒకసారి, సాయంత్రం నీడ పడినాక ఒకసారి, ఏ జబ్బూ లేని నేను వాకర్ పట్టుకుని కుంటేదాన్ని. తుంటి విరిగిన అవ్వ మంచం మీద హాయిగా కాలు మీద కాలేసుకుని ఉండేది.

రోడ్డు మీది జనానికి ఇదంతా ఇంకోలా కనిపించిందని నాకు చానా ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు ఎదురింటక్క గిన్నెలో నువ్వుల నూనె పట్టుకుని వచ్చింది. అవ్వకేమో అనుకుని చేయి చాపితే, వంగి నా మోకాళ్ళకే రాయబోయింది. "ఈ వయసుకే ఇట్లాయనే పాపా. ఇది ఆస్పత్రోళ్ళు ఇచ్చిన అంగీనా?" అంది నా తెల్ల కోటు పట్టుకుని. నేను రోగిని కాదని, నర్సులాంటిదాన్నని చెప్పినాను. జబ్బు మనుషులు చెప్పే మాటలకు తలూపినట్టే తలూపి, నూనె అక్కడే పెట్టి పోయింది.

ఆ వారమే మా ఊరి డ్రైవరు ఒకాయన బండలకోసం లారీ తెచ్చినాడు. మన ఊరాయనే అని సంబరంగా చెయ్యి ఊపినాను. ఆయన నన్ను చూసినాడు, వాకర్ని చూసినాడు, మొహం తిప్పుకుని లారీ ఎక్కినాడు. ఊరు విడిచి వస్తే మనుషులు ఇంతే అని చిన్నబుచ్చుకున్నాను. పాపం, నేను బాధపడతానని ఆయన మొహం తిప్పుకున్నాడట.

ఇంతలో అన్న ఓపిక కూడా అయిపోయింది. "నెల దాటిపాయ, అమ్మ ఒక్క అడుగు ఎయ్యలే. ఇంకెవరినన్నా చూసుకుంటాంలేమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ డ్రైవరు ఊళ్ళో చెప్పిన మాట విని, ఆ మరుసటి పొద్దునే నాయన వచ్చినాడు. నేను వరండా కొసన వాకర్‌తో మలుపు తిరగడం ఎలాగో చూపిస్తాండగా గేటు చప్పుడైంది. చూస్తే నాయన. చేతిలో సంచి జారి కిందపడింది.

"నాయనా, నాకేం కాలేదు."

"అగుపడ్తానే ఉండాది గదా."

వాకర్ వదిలేసి రెండు కాళ్ళ మీదా ఎగిరి చూపించినాను. "వొద్దు పాపా, ఎగరొద్దు, కాళ్ళకు బరువు పెట్టొద్దు" అని పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. జరిగింది విడమరిచి చెప్పేసరికి భయం పోయింది కానీ, దాని జాగాలో కోపం వచ్చింది. "అంటే నిన్ను కూచోబెట్టుకోని ఆటాడిస్తాండారా? బ్యాగు తీస్కో. ఇంటికి పోదాం." ఎట్లాగూ వీళ్ళే పంపించబోతాండారు కదా అని నేనూ ఎదురు చెప్పలేదు. లోపలికి పోయి బట్టలు సర్దుకుని వచ్చేసరికి నాయన గేటు దగ్గర ఉన్నాడు.

"ఏమప్పా, కుందుర్పాయనా, నిలబడు" అంది అవ్వ. నాయన నిలబడలేదు. వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే అవ్వ లేచి వాకర్ పట్టుకుని ఉంది. వాకర్ ముందు, తర్వాత దెబ్బ తగిలిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. అచ్చం నేను నడిచినట్టే, కట్టె మాదిరి మోకాలితో సహా, వరండా మెట్ల దాకా వచ్చింది. వంటింటి గడపలో అవ్వ కోడలు చేటతో అట్లే నిలబడిపోయింది.

"నీ బిడ్డని తోడుకపోతే నాకెవురు నడిచి చూపిస్తారప్పా?"

"మీరే నడుస్తాండారు గదమ్మా" అన్నాడు నాయన. ఇన్నాళ్ళలో ఆమె వేసిన మొదటి అడుగులు అవేనని ఆయనకేం తెలుసు?

అవ్వ తల వంచి తన కాళ్ళవైపు చూసుకుంది. "పాపా, పట్టుకో" అంది, నా వైపు చూసి. బ్యాగు పడేసి పరుగెత్తి నడుము చుట్టూ చెయ్యి వేసినాను. "పడ్తానేమో." "పడవవ్వా, నేనుండా." అలాగే మెల్లగా వెనక్కి నడిపించి కూర్చోబెట్టినాను.

కాఫీలు వచ్చినాయి. నాయన కోపం వానల మీదికి, శెనక్కాయ పంట మీదికి మళ్ళి చల్లబడింది. అప్పుడు అవ్వ నాయనతో చెప్పింది, అంతకుముందు ఎవరితోనూ అననిది. "పడినపొద్దు బాత్రూంలో శానాసేపు అట్లే పడుంటినప్పా. అరిస్తే ఈ మిషన్ల రొదలో ఎవురికీ ఇనపల్లేదు. నీ బిడ్డ దినామూ నడుస్తాండాది, పడకుండా పోతాండాదే అని చూస్తా ఉంటి." ఇన్ని రోజులూ నేను నడక నేర్పిస్తున్నాననుకున్నాను. అవ్వ మాత్రం నేను పడతానా లేదా అని చూస్తోంది.

అన్న నన్ను పంపించే మాట ఇక ఎత్తలేదు. సాయంత్రం నాయనను బస్సెక్కించడానికి పోయినాను. బస్సు కోసం నిలబడినాక, "నీకీ పని ఇష్టమేనా పాపా?" అని అడిగినాడు. సీటొచ్చేదాకా మాత్రమే అనే జవాబు నా దగ్గర సిద్ధంగా ఉండేది. నోట్లోంచి మాత్రం "ఇష్టమే నాయనా" అని వచ్చింది. ఆయన సంచి చంకన పెట్టుకుని, "సరే. వేళకింత తిను, మొగం పీక్కపోయింది" అని బస్సెక్కినాడు.

తర్వాత ఎన్నో ఇళ్ళు తిరిగినాను, ఇప్పటికీ ఇదే పని. ఒక అవ్వ లేచి నడిచింది కదా, ఇక మంచం పట్టినవాళ్ళందరినీ లేపేస్తానని ఆ సాయంత్రం బస్టాండులో నిలబడిన పిల్ల నిజంగానే నమ్మింది. ఆ తర్వాతి ఇంట్లో తాత లేవనే లేదు. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇన్నేళ్ళ అనుభవం తర్వాత, అంత ధీమాగా ఒక్క మాట చెప్పమంటే నాకిప్పుడు చేతకాదు.