ఆరుగురిలో ఒకడు ఎత్తడు

సాయంత్రం ఆరు గంటలకు పది నిమిషాలుందనగా రోజా వంటింటి అరమీది పప్పుల డబ్బాలను ఒక పక్కకు జరుపుతుంది. అర అంచున ఫోన్‌ను కెమెరా బయటికి ఉండేలా పడుకోబెట్టి, జారిపోకుండా రెండో కొసమీద కిలో తూకంరాయి పెడుతుంది. కెమెరాకు సరిగ్గా కింద స్టూలు, స్టూలు మీద నోటుబుక్కు. అందులో ఒక సున్నా గీసి, మునివేళ్ల మీద నిలబడి అది తెరమీద నిండుగా కనిపిస్తోందో లేదో చూసుకుంటుంది. తర్వాత చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చుంటుంది. లెక్కలు చెప్పడం మొదలవుతుంది.

రోజాకి ఇరవై ఆరేళ్లు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో ఒకటిన్నర గదుల ఇంట్లో తల్లిదండ్రులతో ఉంటుంది. తండ్రి బైరాగి కవిటి దగ్గరి పల్లె నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లు ఓడరేవు డాకులో సరుకు దించాడు. నడుం పట్టేశాక మానేశాడు. రోజా చదివింది హిందీ మీడియం బడి, తర్వాత లెక్కల్లో బీఎస్సీ. భవానీపూర్‌లో రక్తపరీక్షల ల్యాబు కౌంటరులో పొద్దున ఏడు నుంచి మూడు దాకా కూర్చుని రోగుల పేర్లు రాస్తుంది. చదివిన లెక్కలు అక్కడ దేనికీ పనికిరావడం లేదన్న దిగులుతోనే, పేద పిల్లలకు ఉచితంగా ఫోన్లో పాఠాలు చెప్పించే ఒక సంస్థలో చేరింది. ఏ భాషల్లో చెప్పగలరని దరఖాస్తులో అడిగితే హిందీ, బెంగాలీ, తెలుగు మూడింటికీ టిక్కు పెట్టింది. అందులో అబద్ధం లేదు. చదవగలరా అని ఎవరూ అడగలేదు. ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచీ తెలుగే మాట్లాడినా రోజాకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

సంస్థ ఆమెకు నీరజను అప్పగించింది. నీరజది పలాస దగ్గరి ఊరు. పదో తరగతిలో అన్నీ పాసై లెక్కలు తప్పింది. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొడుతుంది. సప్లిమెంటరీలో కూడా తప్పితే కూతుర్ని తన పక్కనే కూర్చోబెట్టుకుంటానని చెప్పేసింది. చేతిలో ఉన్నది నాలుగు వారాలు.

మొదటి వారం బాగానే గడిచింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. రోజా ఇంగ్లీషు పేజీ చూసుకుని తెలుగులో చెప్పేది. చిక్కల్లా నీరజతోనే.

"అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

ఏం చెప్పినా అదే జవాబు. ఒకరోజు అనుమానమొచ్చి రోజా కావాలనే ఏడు ఎనిమిదులు యాభై నాలుగని రాసింది. అటునుంచి పెన్సిలు గీరుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అర్థమైందా నీరజా?"

"అర్థమైంది మేడమ్."

ఆ రోజు క్లాసయ్యాక రోజా తూకంరాయిని అరమీద ఠప్పున పెట్టింది. పప్పుల డబ్బాలన్నీ అదిరాయి. తల్లి జగ్గమ్మ రొట్టెల పిండి పిసుకుతూ తల తిప్పింది.

"ఏటే, ఆ పిల్ల మీద కోపం నా డబ్బాల మీద సూపిస్తన్నావు?"

"తిట్టినా అర్థమైందంటాదమ్మా ఆ పిల్ల."

రెండో వారం సంస్థ నుంచి ఇద్దరికీ అభ్యాస పత్రాలు రావడం మొదలైంది. అన్నీ తెలుగులో, ఇంగ్లీషు ముక్క లేకుండా. అంకెలు మాత్రం రోజా పోల్చుకోగలదు. అంకెల చుట్టూ ఉన్నదంతా ఆమెకు ముగ్గులా కనిపించింది. సమన్వయకర్త లక్ష్మీసౌజన్యకు నిజం చెబుదామని ఫోన్ తీసింది. ఆమె హైదరాబాదు నుంచి ఎంత మర్యాదగా, ఎంత శుద్ధంగా మాట్లాడేదంటే రోజా తన యాసకు సిగ్గుపడి, "పత్రాలు అందాయండీ" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఇంట్లో తెలుగు చదవగలిగింది బైరాగి ఒక్కడే. ఊళ్లో ఐదో తరగతి దాకా చదివాడు. రోజా వీధి చివరి జిరాక్సు కొట్లో పత్రాలు ప్రింటు తీయించి తెచ్చింది. బైరాగి కళ్లజోడు తుడుచుకుని, వేలు పెట్టి చదివేవాడు. రోజా దాన్ని హిందీ అక్షరాల్లో రాసుకునేది.

"శుభలేఖ సదవమంటే జోడు కనపడ్నేదంటాడు," అంది జగ్గమ్మ. "కూతురికైతే మాత్రం గొంతు ఎంత లేస్తందో సూడు."

"నువ్వు ఊరుకో. ఇది సదువు పని."

"ఆ, నువ్వు మేస్టరువి."

బైరాగికి నిజంగానే ఆ గంట పండగలా ఉండేది. ఒకరోజు పత్రంలో ఒక లెక్క దగ్గర ఆగాడు. పెదవులు కదుపుతూ ముందు తనలో చదువుకుని, గొంతు సవరించుకుని పైకి చదివాడు. ఐదుగురు కూలీలు ఒక గోడౌనులోని సరుకును 10 రోజుల్లో ఖాళీ చేస్తారు. అదే పని 5 రోజుల్లో కావాలంటే ఎంతమంది కావాలి?

"ఇదిగో, ఇది అసలైన లెక్క," అన్నాడు.

రోజా చేసింది. పదిమంది. ఆ సాయంత్రం నీరజ పన్నెండని పంపిన జవాబును కొట్టేసి, నోటుబుక్కులో మెట్టు మెట్టుగా చేసి చూపించింది. రోజులు సగమైతే మనుషులు రెట్టింపు, ఐదు రెళ్లు పది.

"పన్నెండు ఎలా వచ్చింది నీకు?"

అటునుంచి రబ్బరు రుద్దుతున్న చప్పుడు వినిపించింది.

"అర్థమైంది మేడమ్," అంది నీరజ.

మూడో వారం మొదట్లో మాదిరి పరీక్ష పెట్టారు. వందకు ముప్ఫై రెండు వచ్చాయి. పాసుకు ముప్ఫై ఐదు. లక్ష్మీసౌజన్య ఫోన్ చేసింది.

"రోజాగారూ, ఒక సందేహం. కూలీల లెక్క వర్క్‌షీట్‌లో ఉన్నదే ఇచ్చాం. మీ అమ్మాయి స్టెప్స్ చక్కగా వేసింది. కానీ ప్రశ్నలో ఆరుగురు అని ఉంటే ఐదుగురు అని తీసుకుంది. నాలుగు మార్కులు పోయాయి. అవి వచ్చుంటే పాసయ్యేది. తనెందుకలా రాసిందో కనుక్కుంటారా?"

రోజా కనుక్కుంటానంది. ఫోన్ పెట్టేసి ఆ పాత కాగితం వెతికి తీసింది. తండ్రి మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"నాన్నా, ఇక్కడేటి రాసుంది?"

బైరాగి జోడు పెట్టుకున్నాడు. "ఆరుగురు కూలీలు."

"ఆ రోజు ఐదుగురని సదివినావు."

"అవును మరి." అతనికి తప్పేమీ కనబడలేదు. "గ్యాంగులో ఆరుగురుంటే ఒకడు సర్దారు. ఆడు కర్ర పట్టుకుని అరుస్తాడు గానీ మూట ఎత్తడు. ఎత్తేది ఐదుగురే. నువ్వు డాకు సూడ్నేదు, నీకు తెలీదని నానే తీసేసి సదివినాను."

"ఎవుడు తీసెయ్యమన్నాడు నిన్ను?"

"నేకపోతే నీ లెక్క తప్పయిపోద్ది గదా అమ్మా."

రోజాకి నవ్వు రాలేదు. మిగతా కాగితాలన్నీ తెచ్చి అతని ముందు పరిచింది. మనుషులున్న ప్రతి లెక్కనూ మళ్లీ చదివించింది. ఇంకో రెండింట్లో కూడా బైరాగి సర్దారును తీసేశాడు. అంకెల్లో ఉన్నచోట రోజా చూస్తుంది కాబట్టి పొరపాటు జరగలేదు. అక్షరాల్లో ఉన్నచోటే జరిగింది.

"సర్దారు లేకుండా పని జరుగుద్దేటి ఎక్కడైనా?" బైరాగి ఇంకా వాదిస్తున్నాడు. "రాసినోడికి తెలీదు."

"ధూర్ బాబా," అని బెంగాలీలో విసుక్కుని రోజా విసురుగా లేచింది. "ఆ పిల్లకి సరైన జవాబే వచ్చింది. నాను కొట్టీసినాను."

జగ్గమ్మ ఖాళీ అయిన టీ గ్లాసు తీసుకుపోయింది.

పరీక్షకు పదకొండు రోజులుంది. ఆ సాయంత్రం రోజా సున్నా గీయలేదు. నోటుబుక్కు మూసే ఉంది.

"నీరజా, కూలీల లెక్కలో నీకు పన్నెండు వచ్చింది గదా. అదే సరైంది. నేను పొరపాటు చెప్పాను."

సిగ్నలు పోయిందేమోనని రోజా లేచి తెర చూసింది. పోలేదు.

"నాకు తెలుగు చదవడం రాదు," అంది. "మా నాన్న చదివి పెడితే రాసుకుంటున్నాను. ఆయన ఆరుగురిని ఐదుగురన్నాడు."

"మీరు తెలుగే మాటాడతన్నారు గదా మేడమ్?"

"మాటాడతాను. సదవడం రాదు. కలకత్తాలో పుట్టినాను." ఎప్పుడూ లక్ష్మీసౌజన్యలా మాట్లాడాలని చూసే రోజాకి ఆ మాట ఇంట్లో అన్నట్టే వచ్చేసింది.

"మీరూ మాలాగే మాటాడతారా?" నీరజ గొంతులో ఆశ్చర్యం ఉంది. "నాకు పన్నెండే వచ్చింది మేడమ్. మీరు పదన్నారని సెరిపేసినాను."

"ఎందుకు సెరిపినావు? అడగాలి గదా."

"మీకు తెలుస్తాది గదా అని."

"మరి ఏడు ఎనిమిదులు యాభై నాలుగంటే?"

"అదీ తప్పేనని తెలుసు మేడమ్. మీరు అలిసిపోయి ఉంటారనుకున్నాను."

రోజా నుదురు పట్టుకుంది. నీరజ ఆగకుండా చెప్పుకుపోతోంది, ఇన్నాళ్లలో మొదటిసారి. సమీకరణాలు మొదటి రోజు నుంచీ అర్థం కాలేదు. త్రికోణమితి మొదలుపెట్టిన దగ్గరే వదిలేసింది. బళ్లో లేచి అడిగితే మేస్టారు బెంచీ ఎక్కిస్తారు, అందుకని అర్థమైందని చెప్పడమే అలవాటు.

"ఇది మొదటి రోజే సెప్పుంటే?" అంది రోజా.

"మీరూ సెప్పనేదు గదా మేడమ్."

రోజా నోటుబుక్కు తెరిచి, ఇకమీదట లెక్క నువ్వే పైకి చదవాలి, నేను వినే చేస్తాను, ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆపు అంది. నీరజ ఆపింది. గంటలో పదకొండుసార్లు ఆపింది. రెండు లెక్కలు కూడా పూర్తి కాలేదు. మర్నాడూ అంతే. త్రికోణమితికి చేయి పెట్టే వ్యవధే దొరకలేదు. ఆ పదకొండు రోజులూ రోజా ల్యాబులో పేర్లు తప్పు రాసి రెండుసార్లు మాట పడింది.

లక్ష్మీసౌజన్యకు కూడా నిజం చెప్పేసింది. ఆమె కోప్పడలేదు. చదవగలరా అని దరఖాస్తులో ఇంకో గడి పెంచుతామంది.

నీరజకు సప్లిమెంటరీలో ముప్ఫై ఎనిమిది వచ్చాయి. ఫ్యాక్టరీకి వెళ్లలేదు. ఇంటర్లో చేరింది, లెక్కలు లేని గ్రూపులో. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, "కోపమొచ్చిందా మేడమ్?" అని అడిగింది. వచ్చిందనే చెప్పింది రోజా.

బైరాగి ఇప్పటికీ క్లాసు జరుగుతుంటే గుమ్మంలో నిలబడి వింటాడు. మనుషుల లెక్క వస్తే గొంతు సవరించుకుంటాడు. రోజా చెయ్యి చూపిస్తే అవతలికి పోతాడు.

రోజాకి ప్రస్తుతం ముగ్గురు విద్యార్థులు. తెలుగు చదవడం ఇంకా రాదు. లెక్క వాళ్లే చదువుతారు.