నాల్గో రోజు తలస్నానం

మా ఇంట్లో ముట్టంటే మూడు రోజులే. నాల్గో రోజు పొద్దున్నే తలకు పోసుకుంటే అయిపోయినట్టే. వంటింట్లోకి, దేవుని గూటి దగ్గరికి రావచ్చు. ఈ లెక్క మా అత్తది. ఆమెతో నేను పోట్లాడని విషయం లేదు. దీనిమీదా పోట్లాడి, నా మట్టుకు గెలిచాను. నా కూతురు మాత్రం అవ్వ పక్కన పడుకునే పిల్ల, అవ్వ లెక్కే పాటించింది.

పదో తరగతిలో ఒకరోజు బడి మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడింది. మా ఊరు హచ్చొళ్ళి నుంచి బళ్ళారి ఆసుపత్రికి బయలుదేరితే, అత్త నాకంటే ముందు కారెక్కింది.

డాక్టరమ్మ పాప కింది కనురెప్ప లాగి చూసింది. పాలిపోయి ఉంది. "ముట్టు ఎన్ని దినాలుంటాదమ్మా?"

"మూడే. నాల్గోదినం తలకు పోసుకుంటాది," అంది అత్త.

"నిన్ను కాదు అజ్జీ, పాపను అడిగింది."

పాప అవ్వ వైపు చూసింది. "ఈసారి పద్దెనిమిది దినాలైంది. ఇంకా అవుతాండాది. తలకు పోసుకున్నాక కూడా ఉండాదని చెప్తే, అవ్వ మళ్ళా దేవుని గూడంతా కడగల్ల కదా. పాపం, మోకాళ్ళ నొప్పులు."

ప్యాడ్లు కొనేది నేనే. ఆ నెల మూడోసారి కొంటూ, "ఎలుకలు తింటాండాయా ఏంది?" అని ఎగతాళి చేసింది కూడా నేనే.

డాక్టరమ్మ రోజుకెన్ని ప్యాడ్లు, చిగుళ్ళలో రక్తమొస్తుందా అని అడిగి పరీక్షలు చేయించింది. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది. గడ్డకట్టడం, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. ఈ వయసులో అండం నెలనెలా సరిగ్గా విడుదల కాక ఇలా అవుతుందని చెప్పి, ఐరన్‌తో పాటు గర్భనిరోధక హార్మోన్ మాత్రలు రాసింది.

"పెండ్లి కాని బిడ్డకు, పిల్లలు పుట్టకుండా ఏసుకునే మాత్రలా?" అంది అత్త.

"మందు అదే అజ్జీ, ఇప్పుడు దాని పని రక్తం ఆపేది."

నేను మాట అందుకోబోయాను. అత్త చేయెత్తి ఆపింది. "నువ్వు వాదించొద్దులేమ్మే. ఎన్ని గంటలకు ఏయల్లో అది అడుగు."

రక్తం ఆగింది. మళ్ళీ ముట్టు వచ్చినప్పుడు, ఐదో రోజు పొద్దున అత్త పొయ్యి దగ్గర్నుంచి వీధంతా వినబడేలా కేకేసింది.

"పాపా, ఇంకా ఉండాదా?"

"ఉండాదవ్వా, కొంచెం."

"ఈడికే రా. రొట్టె కాలుస్తాండా."

పాప గడప దగ్గరే ఆగింది. "దేవుడేమన్నా అంటే?"

"అంటే మీయమ్మను తోలుతా. వాదిస్తాది పో. నువ్వు తిను."