దిద్దిన కామెంటు

రుచిత రోజూ ముందు కీబోర్డు మీది గుట్కా మరకలు తుడుస్తుంది. తర్వాత ప్రోగ్రాముల్లో ఇతరులు కోడు పక్కన గుర్తుకోసం రాసుకున్న ఇంగ్లీషు కామెంట్ల స్పెల్లింగులు దిద్దుతుంది. ఆల్థాన్ అనే పేటలోని ఆ ఆఫీసు మరమగ్గాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఒకనాడు ఒక కామెంటు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. దారం తెగినా మగ్గం ఆగడం లేదు, తర్వాత చూద్దాం అని రాసి ఉంది. ఆమె తండ్రి రాజలింగం నడిపేది ఈ సాఫ్ట్‌వేర్ పెట్టిన మగ్గాలనే. బట్ట చెడిందని మగ్గాల యజమాని సేఠ్ తిట్టినప్పుడల్లా ఆయన, "నాకే కండ్లు సక్కగ కనవడ్తలేవు బిడ్డా" అంటాడు.

ఆ లోపం సరిచేద్దామని ఆమె పై అధికారి నరహరిని అడిగింది. అతను పళ్ల సందుల్లోని వక్కను గోటితో తీస్తూ, "స్పెల్లింగ్ దిద్దినవ్ గదా, బస్. మన కంపెనీని కొనేటోళ్లు చూసేది కోడు, మగ్గం గాదు" అని నవ్వాడు.

ఆ కామెంటు ఇప్పుడు ఒక్క అక్షరదోషం లేకుండా అక్కడే ఉంది. రాజలింగం కొత్త కళ్లద్దాలు పెట్టుకుని పనికి వెళ్తున్నాడు.