నిండు గ్లాసు

ఈ విషయంలో తెలివితక్కువవాణ్ణి నేనే. గుణదలలో మా ఇంట్లో నా స్పీకర్లకు టేకు స్టాండ్లు చేసి, అదురు నేలకు దిగకుండా రబ్బరు కాళ్ళు బిగించిన వడ్రంగి మేస్త్రీగారు ప్రతి ఆదివారం వచ్చేవారు. స్టాండు మీద నిండు గ్లాసు పెట్టి, పాట అయ్యేదాకా నీళ్ళనే చూసి, "కదల్లేదండీ," అని లేచేవారు.

"ఆవిడ పోయాక మా ఇంట్లో కుక్కరొక్కటే మాట్లాడుద్దండీ," అని ఆయన ఓసారి అన్నా నా బుర్రకెక్కలేదు. ఆయనకు శ్రమ తప్పిద్దామని, "స్టాండ్లు బాగున్నాయి, ఇక మీరు రానక్కర్లేదండీ," అన్నాను.

నిజంగానే రావడం మానేశారు. నాలుగు ఆదివారాలు స్పీకర్లు పాడుతూనే ఉన్నాయి, వినడానికి నేనొక్కణ్ణే. ఐదో వారానికి నా బుర్రకెక్కింది. ఒక రబ్బరు కాలు ఊడదీసి, జేబులో వేసుకుని, ఫోన్ చేశాను.

"మేస్త్రీగారూ, మీ స్టాండు ఊగుతోందండీ."

"నాదా? గ్లాసు నింపి ఉంచండి, వస్తన్నా."