మీడియం చెప్పిన సాక్ష్యం

కదలకుండా నిలబడితే జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందంటే చాలామంది నమ్మరు. ఉంది. రెడీమేడ్ బట్టల కంపెనీలో కొత్త డిజైను ఏదైనా సరే, దుకాణానికి వెళ్ళేముందు ఒక మనిషి ఒంటి మీదికి ఎక్కాలి. ఆ మనిషి చిన్న చెక్కపీట ఎక్కి, చేతులు కాస్త ఎడంగా పెట్టుకుని, ఎదురుగా ఉన్న అద్దంలోకి చూస్తూ నిలబడుతుంది. చుట్టూ చేరినవాళ్ళు లాగుతారు, మడుస్తారు, గుండుసూదులు పెడతారు. చంక దగ్గర పట్టేసిందా, నడుం దగ్గర వదులైందా అని అడిగితే చెప్పాలి. అడక్కపోతే నోరు మూసుకోవాలి. కంపెనీ మీడియం సైజు కొలతలు తనవే కాబట్టి, ఏళ్ళ తరబడి ఈ పని చేసిన ఆవిడను కంపెనీలో అందరూ మీడియం అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు బ్యాంకు పుస్తకంలో భద్రంగా ఉంది గానీ, దానితో ఎవరికీ పని పడలేదు.

అలాంటి మనిషి ఆ వారమంతా ఇంట్లో ఒకచోట నిలబడితే ఒట్టు. కాలు కాలిన పిల్లిలా వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరిగింది. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది. పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టడం మరిచిపోయి, పిల్ల పుస్తకాలు సర్దబోయింది. భర్త లిఫ్టు మెకానిక్కు. చూసి చూసి, "నువ్విలా అటూ ఇటూ ఆగకుండా తిరుగుతుంటే నాకు ఇంట్లో కూడా డ్యూటీ చేస్తున్నట్టే ఉందోయ్. కాస్త ఏదో ఒక అంతస్తులో ఆగు," అన్నాడు. ఆవిడకు నవ్వు రాలేదు.

ఆగకపోవడానికి కారణం పెద్దక్క. కంపెనీ పెట్టిన మనిషి. కారు షెడ్డులో ఒక్క కుట్టుమిషనుతో మొదలుపెట్టి, పెద్ద ఊరన్నదాన్ని దేన్నీ తన దుకాణం లేకుండా వదలని మనిషి. వాచ్‌మన్ దగ్గర్నుంచి లెక్కలు చూసే పెద్దమనిషి దాకా అందరూ ఆవిడను పెద్దక్కా అనే పిలవాలి. "ఇది ఆఫీసు కాదు, ఇల్లు," అని పత్రికల వాళ్ళకు చెప్పేది. ఆ ఇంట్లో తిట్లూ దెబ్బలూ కూడా ఉంటాయన్నది మాత్రం చెప్పేది కాదు, వాళ్ళూ అడిగేవారు కాదు.

మొదట, ఉద్యోగం మానేసిన ఒకమ్మాయి ఏడుస్తూ వీడియో పెట్టింది. తర్వాత ఇంకొకామె. చివరికి ఇంకా పనిలో ఉన్న, కొత్త డిజైన్లకు మొదటి నమూనా కుట్టే శాంపిల్ టైలరమ్మే ఫిర్యాదు చేసింది: కుట్టు వంకరపోతే పెద్దక్క స్టీలు స్కేలుతో వేళ్ళ మీద కొట్టిందని, గుండుసూదుల డబ్బా మొహాన విసిరిందని, నలుగురిలో గోడ వైపు తిప్పి నిలబెట్టిందని. నిన్నటిదాకా పెద్దక్క ఫొటో అట్ట మీద వేసి పొగిడిన పత్రికలే ఇవాళ అదే ఫొటో వేసి తిట్టడం మొదలెట్టాయి. పెట్టుబడి పెట్టినవాళ్ళకు గుండెల్లో రాయి పడింది. రిటైరైన జడ్జి ఒకావిడను పిలిచి విచారణ పెట్టించారు.

"నా తరఫున మీడియం వస్తుంది," అంది పెద్దక్క. అక్కడ మొదలైంది ఈవిడ తిరుగుడు.

పెద్దక్కకు ఈవిడ పడిన ఋణం అలాంటిలాంటిది కాదు. కూతురు పుట్టాక నడుం పెరిగింది, భుజాలు దిగాయి. కొలతల కోసం పెట్టుకున్న మనిషి కొలతలే మారిపోతే ఏ కంపెనీ అయినా ఏం చేస్తుంది? దణ్ణం పెట్టి పంపేస్తుంది. కటింగ్ మాస్టారు టేపు పట్టుకుని పెదవి విరిచాడు కూడా. పెద్దక్క ఆ టేపు లాక్కుని, "మనిషిని మార్చడం దేనికి? సైజు మార్చండి," అంది. కంపెనీ మీడియం సైజు మొత్తం ఈవిడ కొత్త ఒంటికి తగ్గట్టు తిరగరాశారు. బిడ్డల్ని కన్న ఆడవాళ్ళంతా ఆ బట్టలు వేసుకుని, అమ్మయ్య అనుకున్నారు. వ్యాపారం ఎక్కడికో వెళ్ళిపోయింది. "మా అమ్మ కంపెనీ పెద్దదైంది నా వల్లే," అని కూతురు బళ్ళో గొప్పలు చెప్పుకునేది. ఆ గొప్పలో అబద్ధమేమీ లేదు.

విచారణ ముందురోజు సాయంత్రం పెద్దక్క స్వయంగా ఇంటికొచ్చింది. అంత పెద్ద కారు ఆ సందులోకి రాక, మలుపులో దిగి నడిచి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కిటికీ తెర అంచు పట్టుకుని, "ఈ మడత ఎవరు కుట్టారే? పాకుతున్న పామల్లే ఉంది," అంది. ఆ గొంతు వింటే మీడియానికి ఎప్పటిలాగే నవ్వొచ్చింది, భయమూ వేసింది.

"నిన్ను అబద్ధం చెప్పమనను," అంది పెద్దక్క. "నేనెప్పుడైనా నీ మీద చెయ్యి చేసుకున్నానా?"

"లేదక్కా."

"ఒక్క సూదైనా గుచ్చానా?"

"లేదు."

"ఆ ముక్కే చెప్పు. ఉన్న నిజం చెప్పి వచ్చెయ్. అంతే." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. మొహం ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది. "ఎవరో ఒకరు నన్ను మంచిదనాలే. ఒక్కరైనా."

పెద్దక్క అడిగినదాంట్లో తప్పేమీ లేదు, అదే మీడియం బాధ. అబద్ధం చెప్పమంటే చెప్పనని తలుపేసుకోవచ్చు. నిజం చెప్పమంటే ఏం చేస్తుంది? ఆ నిజంతోనే శాంపిల్ టైలరమ్మను అబద్ధాలకోరును చేస్తారని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఆ టైలరమ్మ పరాయి మనిషా అంటే, కాదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ మధ్యాహ్నం మెట్ల కింద ఒకే బెంచీ మీద ఇద్దరూ బాక్సులు విప్పుకున్నారు. ఒకరినొకరు వదినా అని పిలుచుకున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"అడిగినదానికి జవాబు చెప్పి వచ్చెయ్," అన్నాడు భర్త. "అడగనిది నీకెందుకు? ఉప్పు తిన్నాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టామని రేపు అందరూ అంటారు. పైగా ఈ కంపెనీ పోతే నిన్ను ఇంకెవరు పెట్టుకుంటారు? నువ్వు మీడియం అయింది ఇక్కడే. పక్క కంపెనీలో నువ్వు లార్జువి."

అది కూడా నిజమే. ఆ ఇంట్లో ఆ వారం ఎవరు నోరు విప్పినా నిజాలే రాలాయి.

విచారణ మేడ మీద, కొత్త డిజైన్లు చూసే గదిలో పెట్టారు. బట్టలు వేలాడదీసే స్టాండ్లు గోడకు నెట్టి, పొడుగు బల్ల వేశారు. ఒక చివర జడ్జిగారు, రెండో చివర పెద్దక్క, ఆవిడ వకీలు. పక్కన టైలరమ్మ, చేతులు బల్ల కింద దాచుకుని. మీడియాన్ని కూర్చోమన్నారు. అలవాటు లేదండీ అని నిలబడే ఉంది.

వకీలు మర్యాదగానే అడిగాడు. ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారు, మేడమ్ మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టారా, సైజు మార్చిన మాట నిజమేనా. అన్నిటికీ జవాబు చెప్పింది. సైజు సంగతి మాత్రం అడిగినదానికన్నా ఎక్కువే చెప్పింది. అది నటన కాదు. పెద్దక్క కళ్ళు తుడుచుకుంది, అదీ నటన కాదు.

వకీలు జడ్జిగారి వైపు తిరిగాడు. "చూశారుగా మేడమ్. పొద్దస్తమానం ఫిట్టింగ్ రూములో ఉండే మనిషి ఈవిడ. ఇక వేళ్ళ మీద గాయాలంటారా, మిషను సూది దిగిందని ఈ టైలరే కంపెనీ డాక్టరుకు చెప్పింది. ఇప్పుడేమో స్కేలంటోంది."

టైలరమ్మ తల ఎత్తలేదు. మీరు వెళ్ళొచ్చమ్మా అన్నారు జడ్జిగారు. మీడియం తలుపు వైపు తిరిగింది కూడా. అడుగు పడలేదు.

"సూది కాదండీ," అంది. "స్కేలే."

వకీలు నవ్వాడు. "మీరు అటు తిరిగి నిలబడతారు కదా. కుట్టే బల్ల మీ వెనక ఉంటుంది కదా. మీకెలా తెలుసు?"

"ఎదురుగా అద్దం ఉందండీ. అంతా కనబడుతుంది."

"నాతో కూడా సూదనే చెప్పింది," అంది మళ్ళీ, ఎవరూ అడక్కుండానే. "మధ్యాహ్నం బాక్సులు విప్పేటప్పుడు వేళ్ళకు గుడ్డ చుట్టుకుని వచ్చేది. ఏమైంది వదినా అంటే సూది దిగిందనేది. నేను నమ్మినట్టే ఉండేదాన్ని. పెద్దక్క ఇలా కొట్టేదండీ," అంటూ చెయ్యెత్తి చూపించబోయింది.

"కదలకు!" అంది పెద్దక్క.

అనాలని అన్నది కాదు. ఏళ్ళ తరబడి రోజుకు వందసార్లు అన్న మాట, నోరు జారి దానంతటదే వచ్చేసింది. కొరడా తగిలినట్టుండే ఫిట్టింగ్ రూము గొంతు అది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, మీడియం కదలలేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. చూపు ఎదుటి గోడ మీద నిలిచిపోయింది. బడికెళ్ళే కూతురున్న మనిషి, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మనిషి, అందరి ముందూ కట్టెలా బిగుసుకుపోయింది. టైలరమ్మ అయితే చేతులు ఒళ్ళో ఇంకా లోపలికి లాక్కుంది. ఆ మాట ఆమెను అన్నది కాకపోయినా.

జడ్జిగారు కళ్ళజోడు తీసి, మొదట మీడియాన్ని, తర్వాత టైలరమ్మను, తర్వాత చాలాసేపు పెద్దక్కను చూశారు.

"చెయ్యి దించండమ్మా," అన్నారు చివరికి. "మీరు చెప్పేది చెప్పండి."

అప్పుడు చెప్పింది. స్కేలు, సూదుల డబ్బా, గోడ వైపు నిలబెట్టడం, అన్నీ. "చూస్తూ ఊరుకున్నారేం మరి?" అని వకీలు ఆఖరి రాయి విసిరాడు. "ఒంటినిండా సూదులుండేవండీ. కదిలితే నాకే దిగేవి," అంది. మెట్లు దిగుతుంటే గుండె మీద బరువు కూడా దిగినట్టే అనిపించింది. వదినను గెలిపించాననుకుంది.

గెలిపించింది కూడా. నెల తిరగకుండానే పెద్దక్క తను పెట్టిన కంపెనీలోంచి తనే బయటికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. కింద హాల్లో ఉన్న ఆవిడ నిలువెత్తు ఫొటో దించారు. గోడ మీద ఆ మేర తెల్లగా మిగిలితే, ఒక పూలకుండీ తెచ్చి అడ్డం పెట్టారు. ఓడలు బళ్ళు కావడమంటే అదే. పెద్దక్క వెళ్ళేటప్పుడు మీడియం చెట్టు చాటున నిలబడి చూసి, కారు మలుపు తిరిగాక ఏడ్చింది. కొట్టిన మనిషి కోసం ఏడుస్తావేమిటని భర్త అడిగితే, నన్ను కొట్టలేదుగా అంది. అంటూనే ఆ మాటకు తనకే సిగ్గేసింది.

కొత్తగా వచ్చినవాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు. ఎవరినీ తిట్టలేదు. మనుషుల మీద ఫిట్టింగులు ఇక అవసరం లేదని, కొలతలన్నీ కంప్యూటరులోనే చూసుకుంటామని చిరునవ్వుతో చెప్పి, నెలాఖరుకు మీడియాన్ని పంపేశారు. అది ఆవిడ ముందే ఊహించింది. ఊహించనిది వేరే ఉంది. విచారణ రోజు నుంచీ టైలరమ్మ మెట్ల కింద బెంచీకి రావడం లేదు. మొదట సెలవు, తర్వాత పని, తర్వాత ఆకలి లేదంది. మీడియం రోజూ బెంచీ మీద కాసేపు కూర్చుని, లేచి, మెట్ల దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఆఖరి రోజు బాక్సు పట్టుకుని తనే శాంపిల్ రూముకు వెళ్ళింది. టైలరమ్మ ఒక్కతే మిషను ముందుంది.

"నా మీద కోపమా వదినా? ఇన్నాళ్ళకా చెప్పడం అనా?"

టైలరమ్మ మిషను ఆపింది. "కోపమెందుకు? నువ్వు చెప్పబట్టే నా మాట నిలబడింది. ఇంట్లో పిల్లలతో కూడా అదే చెప్పాను. చచ్చినా మరిచిపోను."

"మరి రావేం?"

టైలరమ్మ చేతిలోని గుడ్డను చాలాసేపు సాపు చేసింది. "ఈ కంపెనీలో నేను దెబ్బలు తింటానని అందరికీ తెలుసు వదినా. తెలియనిది నీ ఒక్కదానికే అనుకున్నాను. అటు తిరిగి ఉంటావు కదా, అద్దంలో బట్టే తప్ప ఇంకేం చూడవనుకున్నాను. అందుకే పరుగెత్తుకుంటూ ఆ బెంచీకి వచ్చేదాన్ని. అక్కడ కూర్చున్నంతసేపూ నేనూ అందరిలాంటి మనిషినే."

"నువ్వు సిగ్గుపడతావనే కదా నేను తెలియనట్టు ఉన్నది."

"అవును. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. నువ్వు నవ్వలేదు, నాకు తెలుసు. కానీ నా వేళ్ళు చూస్తూనే రోజూ నాకు కూర వడ్డించావు కదా. ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుంటే ముద్ద దిగదు. నీ తప్పు కాదు. ఏం చెయ్యను, దిగదు."

ఉద్యోగం పోతుందని మీడియం భయపడింది, పోయింది. పెద్దక్క దగ్గర విశ్వాసం లేనిదాన్నవుతానని భయపడింది, అదీ అయింది. ఆ వారమంతా ఇల్లంతా తిరుగుతూ ఇన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడింది గానీ, ఇది పోతుందని ఒక్క పూటైనా అనుకోలేదు. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచింది. అప్పటికే టైలరమ్మ మిషను మళ్ళీ నడపడం మొదలుపెట్టింది. బాక్సు మూత తీయకుండానే మీడియం ఇంటికి వెళ్ళిపోయింది.