కదిలిన టిష్యూ ప్యాకెట్

నెత్తిన చెయ్యి పెట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాటకు మా వాళ్ళలో ఎంత విలువుందో నాకు తెలుసు. కోతలరాయుడినని పేరు. ఒకసారి మా ఆఫీసు బస్సులోకి నెమలి ఎక్కి చివరి స్టాపు దాకా కూర్చుందని చెప్పాను. మా అమ్మాయి అది బళ్ళో చెప్పి నవ్వులపాలైంది, వారం రోజులు నాతో మాట్లాడలేదు. అది వేరే సంగతి. ఇది మాత్రం వినండి. తలచుకుంటే నాకింకా ఒళ్ళు మండుతోంది.

బుకిట్ బటోక్‌లో మేముండే అపార్టుమెంటు బ్లాకుల వెనక ఒక పచ్చిక వాలు ఉంది. ఏటా డిసెంబరులో నేనూ మా తోడల్లుడూ అక్కడ డిస్క్ గోల్ఫ్ ఆడతాం. గొలుసులు వేలాడే బుట్టల్ని మోసుకెళ్ళి మేమే నిలబెట్టుకుంటాం. ప్లాస్టిక్ డిస్కును విసరాలి, అది పడ్డచోట నిలబడి మళ్ళీ విసరాలి, బుట్టలో పడేదాకా అంతే. తక్కువసార్లు విసిరినవాడిది గెలుపు. మన దేశంలో చలి పెట్టే ఈ నెలలో ఇక్కడ కుండపోత. కానీ ఇద్దరికీ సెలవు దొరికేది అప్పుడే.

తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో సేఫ్టీ చూస్తాడు. అబద్ధమాడని మనిషని ఇంటా బయటా పేరు. అతని మీద నేనింతవరకూ ఒక్క ఏడూ గెలవలేదు. ఈ ఏడు ఒక ఆదివారం గెలవబోయాను.

మధ్యలో ఒక బుట్ట దగ్గర నా డిస్కు చేజారి కాలవలో పడింది. తడిస్తే అది చేతిలో సబ్బుబిళ్ళే. తోడల్లుడు అప్పటికే ముందుకెళ్ళిపోయాడు. నేను దిగి చూద్దును కదా, మొసలిపిల్లంత ఉడుము నా డిస్కును నోట కరుచుకుని కూర్చుంది. నేనిటు లాగాను, అదటు లాగింది. ఉడుంపట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. చివరికి నా టోపీ తీసి దాని ముందు పడేశాను. టోపీ పుచ్చుకుని డిస్కు వదిలింది. పంటిగాట్లున్న ఆ డిస్కుతోనే మిగతా ఆటంతా లాక్కొచ్చాను.

చివరి బుట్ట దగ్గరికి సరిసమానంగా వచ్చాం. నా డిస్కు బుట్టకు నాలుగడుగుల్లో పడింది. అతనిది ఎక్కడో వాలు పైన. నాకు ఒక్క విసురు చాలు, అతనికి రెండైనా కావాలి. డిస్కు తుడుచుకోవాలంటే తియ్యాలి, తీస్తే ఆ చోట గుర్తు పెట్టాలి. అందరూ దానికి చిన్న బిళ్ళ వాడతారు. ఇతను మాత్రం హాకర్ సెంటర్లో, అదే తిండికొట్ల దగ్గర, టేబుల్ చోప్ చేసినట్టు, అంటే ఇది నాదని ముందే పట్టిపెట్టుకున్నట్టు, టిష్యూ ప్యాకెట్ పెడతాడు. ఈ ఊళ్ళో టిష్యూ ప్యాకెట్ ఉన్న టేబుల్ జోలికి ఎవడూ పోడు. పచ్చికలోనూ దానికి ఆ మర్యాద దక్కుతుందని అతని నమ్మకం.

చినుకులకు కళ్ళజోడు మసకబారి, బుట్ట ఎంత దూరమో చూసుకోకుండానే ప్యాకెట్ పెట్టాడో లేదో ఆకాశం చిల్లుపడింది. పిడుగుల హెచ్చరిక దీపం వెలిగితే ఇద్దరం షెల్టరులోకి పరుగెత్తాం. అతను అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. నేను వాలుకేసి చూస్తున్నాను. పైనించి నీళ్ళొచ్చాయి. ప్యాకెట్ లేచింది. పల్లకిలో పెళ్ళికొడుకులా ఊగుతూ కిందికి వచ్చి, బుట్ట పక్కనే గడ్డిదుబ్బుకు తగులుకుని ఆగింది.

"తమ్ముడూ, నీ చోప్ నడిచొస్తోంది చూడు," అన్నాను.

అతను వెనక్కి తిరగనైనా తిరగలేదు. "ఊరుకోండి అన్నయ్యగారూ. మొన్న నెమలి, ఇవాళ ప్యాకెట్టా?"

వాన తగ్గాక నేరుగా ప్యాకెట్ దగ్గరికెళ్ళి, అక్కడ నిలబడి డిస్కును బుట్టలో పడేశాడు. నువ్వు పడేసింది ఆ పైనయ్యా అని నేను వాలు చూపిస్తే నవ్వాడు.

"చోప్ చోపే అన్నయ్యగారూ. నేను ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోలేదు. ఇంకేం?"

కోపంతో గురి చూడకుండా విసిరాను. డిస్కు గొలుసుకు తగిలి కింద పడింది. ఒక్క విసురుతో ఓడిపోయాను.

దొంగైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. ఇతను దొంగ కాడు. అంత దగ్గరగా తానే విసిరానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. నన్ను కాల్చేస్తున్నది అదే. నిజం చూసిన అబద్ధాలకోరును నేను, చూడని సత్యసంధుడు అతను. ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పాలా?

ఇంటికెళ్ళి పూసగుచ్చినట్టు చెప్పాను. ఉడుము దగ్గర మా ఆవిడ చేస్తున్న పని ఆపి నా వేళ్ళు పట్టి చూసింది. "పూర్ థింగ్ లా నాన్నా, నీ క్యాప్ తినేస్తే దానికి ఏమవుతుంది?" అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో మా అమ్మాయి దిగులుపడింది. ప్యాకెట్ దగ్గరికి రాగానే ఇద్దరి మొహాలూ మారిపోయాయి.

"టిష్యూ ప్యాకెట్ కెనాట్ వాక్ లా, నాన్నా."

"ఓడితే ఓడానని చెప్పచ్చుగా," అంది మా ఆవిడ. "మా మరిది ఒక్కనాడైనా అబద్ధమాడాడా?"

మళ్ళీ గట్టివాన పడ్డ రోజున ఇద్దరినీ గొడుగులతో అక్కడికి లాక్కెళ్ళాను. అదే వాలు, అదే రకం ప్యాకెట్. పెట్టి నిలబడ్డాం. మా పాదాలు నానాయి, గొడుగు ఒకటి విరిగింది. ఆ ముదనష్టపు ప్యాకెట్ మేకు కొట్టినట్టు కూర్చుంది తప్ప వెంట్రుకవాసి కదల్లేదు. మా అమ్మాయి జాలిగా నా భుజం తట్టింది. తిట్టినా అంత మండేది కాదు.

ఇక ఒప్పుకుంటాను. ఉడుము అబద్ధం. కాలవలో దిగి, జారి కూలబడి, డిస్కును నేనే తీసుకున్నాను. టోపీ అప్పుడే కొట్టుకుపోయింది. పంటిగాట్లు కాలవగట్టు సిమెంటువి. ఆ ఉడుము మీద మా ఇంటిల్లిపాదీ జాలిపడ్డారు. మీరూ నమ్మే ఉంటారు.

ప్యాకెట్ మాత్రం కదిలింది.