నాము మేసిందని చెప్పాను

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా భార్యకు కూడా తెలీదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిస్తే చెప్పగలిగేవాణ్ణి కాదేమో.

దర్శి అవతల ఒక ఊళ్లో, పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారి కింద సహాయకుణ్ణి. సూదులు వేస్తాను, కట్లు కడతాను. ఆయన వారానికి రెండు రోజులే వస్తారు. మిగతా రోజుల్లో ఊరికి నా మాటే మాట. ఆ మాటతోనే ఈ పాపం చేశాను.

అప్పుడు మిరప కోతలు. మధ్యాహ్నం పూట ఊళ్లో నరపురుగు ఉండదు, అందరూ చేలల్లోనే. బండి మీద వాగు దారిన వస్తుంటే వంతెన పక్కన ఒక ట్యాంకరు ఆగి ఉంది. లావుపాటి గొట్టం వాగు మడుగులోకి దిగి ఉంది. నల్లటి నీళ్లు, పైన పసుప్పచ్చ నురగ. కళ్లు మండాయి. మిరప ఘాటు నాకు పుట్టినప్పట్నుంచీ అలవాటే, ఇది అది కాదు. ఎక్కడిదో ఫ్యాక్టరీ మురుగు దొంగతనంగా పారబోస్తున్నారని చూడగానే అర్థమైంది. ఫోన్ తీసి ట్యాంకరు నంబరు కనపడేలా ఫొటో కొట్టాను. అప్పుడు గొట్టం దగ్గరున్న డ్రైవరు ఇటు తిరిగాడు. మా బావ. మా అక్క మొగుడు.

చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఆ ఫొటో తహసీల్దారు ఆఫీసులో చూపిస్తే సరిపోయేది. బావని జైల్లో వేస్తారని, అక్క ఇద్దరు ఆడపిల్లలతో రోడ్డున పడుతుందని అనుకున్నాను. నిజంగా అక్క కోసమేనా? లేక స్టేషన్ల చుట్టూ ఎవడు తిరుగుతాడు, పెద్దవాళ్లతో మనకెందుకు అన్న పిరికితనానికి అక్క పేరు పెట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇంటికెళ్లి ఫోన్లోంచి ఆ ఫొటో తీసేశాను. పోనీ, ఫిర్యాదు చెయ్యలేదు సరే. మడుగులోకి పశువుల్ని దించకండి అని ఊళ్లో ఒక్క కేక వెయ్యడానికి ఏం రోగం నాకు? ఎందుకని అడుగుతారేమోనని వెయ్యలేదు.

మర్నాడు సాయంత్రం ఎస్తేరక్క దగ్గర్నుంచి కబురొచ్చింది. మా వీధే, మా చర్చే. మొగుడు పోయాడు. అత్తను పెట్టుకుని, కూలికి పోతూ ఒక్క గేదెను సాకేది. ఆ పాలే ఆ ఇంటికి ఆధారం. నేను వెళ్లేసరికి గేదె కాళ్లు బారజాపి పడి ఉంది. ప్రాణం పోయింది. దాని నోరు తెరిచి చూశాను. నాలుక మీద తోలు ఊడి వస్తోంది. మూతి దగ్గర అదే ఘాటు.

"తమ్ముడూ, ఏమైందయ్యా దీనికి? పొద్దున జొన్న చేలో మేపా. వాగులో నీళ్లు తాపి తోలుకొచ్చా. అంతే! నీకు తెలుసుద్ది గదా, చెప్పు."

కోసిన జొన్న మోళ్లకు వచ్చే లేత పిలకల్ని నాము అంటాం. అది మేసిన పశువు బతకడం కష్టం. ఈ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. కానీ నాము మేస్తే నాలుక కాలదు. అది నాకు తెలుసు.

"నాము మేసింది అక్కా," అన్నాను.

"అయ్యో దేవుడా! పచ్చగా ఉంది గదా అని నేనే తోలానయ్యా! నా చేతుల్తో నేనే చంపుకున్నా!"

వాళ్లత్త అందుకుంది. కళ్లు కనపడలేదా, కొంప ముంచావు కదే అని పదిమందిలో తిట్టిపోసింది. నేను చేతులు కడుక్కుని వచ్చేశాను. తర్వాత వాగులో జలగలు పడ్డాయని చెప్పి మిగతా పశువుల్ని ఆపాను. మంచి మాట చెప్పావని మెచ్చుకున్నారు కూడా.

రెండు వారాల తర్వాత ఆదివారం, చర్చిలో సాక్ష్యాలు చెప్పమన్నారు పాస్టరుగారు. జ్వరం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో చెబుతుంటారు. ఎస్తేరక్క ఆడవాళ్ల వైపు నుంచి లేచింది. చెంగు నెత్తిన కప్పుకుని, నా అజాగ్రత్త వల్ల నోరులేని జీవం పోయింది, దేవుడు నన్ను క్షమించేట్టు ప్రార్థన చెయ్యండి అని ఏడ్చింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. గట్టిగానే అన్నాను.

ఛీ! ఏం మనిషిని నేను?

ఆ తర్వాత మా చర్చికి వెళ్లలేకపోయాను. ఆదివారం దర్శి పోయి, నన్నెరగని జనంలో చివరి వరసలో కూర్చుని వస్తాను. ఎవరూ పలకరించరు. అదే బాగుంటుంది, అదే చంపుతుంది కూడా. ఎస్తేరక్క మళ్లీ పశువును పెంచలేదు. పక్కింటివాళ్లు కాసేపు దూడను పట్టుకోమన్నా తన చెయ్యి మంచిది కాదని పట్టుకోదు.

బావ ఆ పని మానేసి ఏడేళ్లయింది. ఇప్పుడు చిలకలూరిపేట మిల్లుకి పత్తి లారీ తోలుతున్నాడు. మరి ఇంకా తేలు కుట్టిన దొంగలా ఎందుకున్నాను? నోరు విప్పితే పోయేది నా పరువే కాబట్టి. ఇన్నేళ్లూ నేను కాపాడింది అక్కను కాదు.

క్షమించమని రాయడం లేదు. ఆ క్షమాపణ నా బదులు ఆమె ఎప్పుడో అడిగేసింది. ఆమె ఎదుట నిలబడే ధైర్యం రేపు వస్తుందో రాదో తెలీదు. ఇక్కడిదాకా రాసి, ఖాళీ ఆసుపత్రి గదిలో ఒక్కణ్ణే కూర్చుని పైకి చదువుకున్నాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. మిగిలింది ఒక్క మాట, అది కూడా పైకే అంటున్నాను.

ఎస్తేరక్కా, నీ తప్పేం లేదు. నీ గేదెను చంపింది నాము కాదు, వాగు నీళ్లు. ఆ నీళ్లలో ఏం పోశారో నాకు ముందురోజే తెలుసు.